చౌకగా చేయండి, ఊరికే మాత్రం చేయకండి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నా వయసు 34. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక కంపెనీలో తొమ్మిదేళ్లు సిస్టమ్ అడ్మిన్‌గా చేశాను. నిరుడు నాన్నగారికి పక్షవాతం వచ్చింది. అమ్మ ఒక్కతే చూసుకోలేకపోతోందని ఉద్యోగం మానేసి భార్యాబిడ్డలతో ఊరొచ్చేశాను. ఇక్కడి రైస్ మిల్లులు, రొయ్యల మేత డీలర్లు, చిన్న ఆసుపత్రులు, ఆడిటర్ల ఆఫీసులకు నెలకు 500 రూపాయలకే కంప్యూటర్లు, నెట్‌వర్కు, బ్యాకప్ అన్నీ చూసిపెట్టే సంస్థ పెట్టాలని ఉంది. భీమవరంలో మెయిన్ రోడ్డు మీద షాపు అడ్వాన్సుకు నా భార్య బంగారం తాకట్టు పెడదామనుకున్నాను. అడిగితే ఆమె ఏమీ అనలేదు. అప్పట్నుంచి ముభావంగా ఉంటోంది. నాన్నగారేమో "బీటెక్ చదివించింది ఊళ్లమ్మట తిరిగి కంప్యూటర్లు బాగుచేయడానికా?" అంటున్నారు. పెనుగొండ దగ్గర మిల్లున్న మా బాబాయ్ గారు రెండు లక్షలు పెట్టి వాటా తీసుకుంటానంటున్నారు. ఆర్నెల్లుగా ఆయన మిల్లులో కంప్యూటర్ పనంతా నేనే చూస్తున్నాను. డబ్బు తీసుకోలేదు, ఆయనా ఇవ్వలేదు. రాత్రి పదింటికి ఫోనొచ్చినా వెళ్తాను. పాస్‌వర్డ్‌లన్నీ నా ఫోన్లోనే ఉన్నాయి. ఈ పని మొదలుపెట్టమంటారా, మళ్లీ హైదరాబాద్ వెళ్లిపొమ్మంటారా?

జవాబు: మొదలుపెట్టండి. మీ చదువూ అనుభవమూ మీ ప్రాంతానికి అక్కరకొచ్చే పని ఇది. కాకపోతే మీరు వేసుకున్న లెక్కతో కాదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. భార్య దగ్గర, బాబాయ్ గారి దగ్గర, రేపు రాబోయే ఖాతాదారుల దగ్గర, డబ్బు మాట ఎత్తాల్సిన ప్రతిచోటా మీకు మొహమాటం అడ్డొస్తోంది. 500 రూపాయల రేటు కూడా ఆ మొహమాటంలోంచి పుట్టిందే అనిపిస్తోంది. ముందు దాని సంగతి చూద్దాం.

మీ పనికి గిరాకీ లేదన్న భయం అక్కర్లేదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చిన దగ్గర్నుంచి చిన్న వ్యాపారికి కూడా కంప్యూటర్ ఆగితే చేయి విరిగినట్టే అయింది. నెలనెలా రిటర్నులు వేసేవాళ్లకు 11వ తేదీ ఒక గడువు, 20వ తేదీ ఇంకో గడువు. 19 సాయంత్రం గుమాస్తా లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ తెరిస్తే అది తెరుచుకోదు. టర్నోవర్ 5 కోట్లు దాటిన వ్యాపారాలు 2023 ఆగస్టు నుంచి ఇతర వ్యాపారులకు అమ్మే సరుకుకు ఈ-ఇన్వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైన బిల్లు, తీయాలి. సరుకు రవాణాకు కావాల్సిన ఈ-వే బిల్లు చేతికి రాకపోతే లోడెత్తిన లారీ గేటు దగ్గరే ఉండిపోతుంది. దానికి తోడు విండోస్ 10కి కంపెనీ ఇచ్చే మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మిల్లుల్లోనూ దుకాణాల్లోనూ ఉన్న పాత మెషిన్లలో చాలావాటికి విండోస్ 11 పడదు. ఏది మార్చాలి, దేనికి వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డిస్కు వేసి ఇంకో పనికి వాడుకోవచ్చు అని అమ్మకం మీద ఆశ లేకుండా చెప్పే మనిషి ఆ వ్యాపారికి కావాలి. ఆ మనిషి మీరు కావచ్చు.

ఇప్పుడు మీ 500 సంగతి. నెలకు 500 చొప్పున 30 ఆఫీసులు పట్టినా వచ్చేది 15,000. అందులో పెట్రోలు, ఫోను, ఇంటర్నెట్, షాపు అద్దె పోగా నాన్నగారి మందులకు మిగులుతుందా? ముప్పై చోట్లకూ ఒక్కరే తిరగగలరా? ఆర్నెల్లు తిరగ్గానే అలసిపోతారు, ఫోనెత్తడం మానేస్తారు. మీ మీద నమ్మకంతో పాత మెకానిక్‌ని మాన్పించుకున్న ఆ చిన్న ఆఫీసులు మధ్యలో మునుగుతాయి. వాళ్ల మేలు కోరే మీరు నిలబడగలిగే రేటు అడగాలి.

లెక్క ఇంటి దగ్గర మొదలుపెట్టండి. ఇల్లు గడవడానికి 30,000, పని ఖర్చులకు 12,000 అనుకుందాం. మొత్తం 42,000. ఒక్కరే శ్రద్ధగా చూడగలిగేది 20 ఆఫీసులనుకుంటే ఒక్కోదానికి సగటున 2,100 పడుతుంది. మీ ఇంటి అంకెలు వేరుగా ఉండొచ్చు, లెక్క మాత్రం ఈ వరసలోనే వేయండి. రెండే కంప్యూటర్లున్న మేత డీలరు దగ్గర తక్కువ, పది కంప్యూటర్లున్న ఆసుపత్రి దగ్గర ఎక్కువ తీసుకోండి. ఇందుకోసమే ఒక మనిషిని నెల జీతానికి పెట్టుకోవడం కన్నా వాళ్లకిది చౌకే.

ఇంకా చౌక చేయాలంటే మీ తిరుగుడు తగ్గించుకోండి. సోమవారం నరసాపురం, మంగళవారం భీమవరం, గురువారం పెనుగొండ, తణుకు వైపు, ఇలా ఊరికో రోజు కట్టుకోండి. మిగతా రోజుల్లో దూరం నుంచే కంప్యూటర్ చూసే సాఫ్ట్‌వేర్ వాడండి. ఎనీడెస్క్ లాంటివి సొంత వాడకానికే ఉచితం. వ్యాపారానికి లైసెన్సు కొనాలి, ఆ ఖర్చు లెక్కలో కలపండి. ఇలాంటి యాప్‌లు పెట్టించి ఖాతాలు ఊడ్చేసే మోసగాళ్లు ఉన్నారు. అందుకని ప్రతిసారీ ముందు ఫోన్ చేసి, ఎదురుగా మనిషి కూర్చున్నాకే తెరవండి. లైసెన్సు లేని క్రాక్ ట్యాలీ, క్రాక్ విండోస్ వేసిపెట్టమని అడుగుతారు. మొదటిరోజే కుదరదని చెప్పండి.

బ్యాకప్ విషయంలో మాత్రం ఎవరు విసుక్కున్నా రాజీ పడొద్దు. మిల్లు ఆఫీసులు నేను చూశాను. కాటా గది పక్కన తవుడు దుమ్ము పట్టిన సీపీయూ, దాని పైన కొడిగట్టిన యూపీఎస్, ఏళ్ల లెక్కలన్నీ ఒకే డీ డ్రైవ్‌లో. బ్యాకప్ ఉందా అంటే గుమాస్తా సొరుగు లాగి పెన్‌డ్రైవ్ చూపిస్తాడు. నిప్పంటుకున్నా, దొంగ పడినా, 2022 జులైలో గోదావరికి వచ్చినట్టు వరదొచ్చినా కంప్యూటరూ సొరుగూ కలిసే పోతాయి. మూడు కాపీలు ఉండాలి, అందులో ఒకటి ఆ భవనం బయట ఉండాలి. నెలకోసారి ఆ కాపీలోంచి లెక్కలు నిజంగా తెరిచి ఓనరుకు చూపించండి. మీకెందుకు డబ్బిస్తున్నాడో అప్పుడు ఆయనకు అర్థమవుతుంది.

ఇక బంగారం. తాకట్టు ఆలోచన మానుకోండి. ఈ పనికి భీమవరం మెయిన్ రోడ్డు మీద షాపెందుకు? మీరు వాళ్ల దగ్గరికి వెళ్లేవారే కానీ వాళ్లు మీ దగ్గరికి వచ్చేవారు కాదు. ఒక మంచి ల్యాప్‌టాప్, కేబుల్ కొనలకు పిన్నులు బిగించే క్రింపింగ్ టూలు, కేబుల్ టెస్టరు, రెండు ఎస్‌ఎస్‌డీలు, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ ఒకటి, ఒక నెట్‌వర్క్ స్విచ్, బండి. ఇంటి ముందు గది చాలు. చేతిలో ఆ మాత్రం లేకపోతే బ్యాంకుకెళ్లి చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణం అడగండి. శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు ఇస్తారు, తాకట్టు అడగరు. చిన్న సంస్థల కోసం ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, మధ్యవర్తికి రూపాయి ఇవ్వక్కర్లేదు. మీలా సేవలు మాత్రమే చేసేవారికి ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా సాధారణంగా జీఎస్టీ నమోదు కూడా తప్పనిసరి కాదు.

మీ భార్య మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి. ఆమె వైపు నుంచి చూడండి. హైదరాబాద్‌లో నెల తిరిగేసరికి జీతం పడే ఇంటిని వదిలి మీతో వచ్చింది. మామగారి సేవలో అత్తగారికి చేయందిస్తోంది. రాత్రి పదింటికి ఫోనొస్తే మీరు లేచి వెళ్లిపోతున్నారు. ఇన్నాళ్ల తర్వాత మీరు ఆమెను అడిగిన మొదటి మాట బంగారం గురించి. కాదంటే భర్త ముందరికాళ్లకు బంధం వేసినట్టు అవుతుంది, సరే అంటే బిడ్డకు మిగిలిన ఒక్క ఆసరా పోతుంది. ఆ మనిషి ఏమని జవాబు చెప్పాలి?

ఈ రాత్రే ఆమెతో కూర్చోండి. "నీ బంగారం ముట్టను" అని ముందు చెప్పండి. తర్వాత కాగితం మీద నెల ఖర్చు ఆమె చేతే రాయించండి. చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలకు వస్తుందో దాచకుండా చూపండి. ఒక గడువు ఇద్దరూ కలిసి పెట్టుకోండి. ఉదాహరణకు ఏడాదిలో డబ్బిచ్చే ఆఫీసులు పదిహేను రాకపోతే ఇంటి నుంచి చేసే ఉద్యోగం వెతుక్కుంటానని. ఆ అంకె మీ ఒక్కరిదైతే ఆమె భయం తగ్గదు. బిల్లులూ లెక్కలూ చూస్తానని ఆమె తనంతట తాను ముందుకొస్తే సంతోషం, కానీ ఆ పనికి ఎంతో కొంత నెలనెలా ఆమె ఖాతాలో వేయండి. బాబాయ్ గారు మీకు చేసినట్టు మీరు ఆమెకు చేయకూడదు.

నాన్నగారి మాట మిమ్మల్ని నొప్పించింది, నిజమే. పక్షవాతంతో మంచం పట్టిన మనిషి తన వల్లే కొడుకు ఉద్యోగం పోయిందని లోపల కుమిలిపోతుంటే ఆ బాధ కోపంగా బయటికొస్తుంది. వాదన పెట్టుకోకండి. ఆయన కోసమే ఊరొచ్చారు కాబట్టి ఫిజియోథెరపీ పూటలు ఏ ఖాతాదారుకూ ఇవ్వకండి. ఆ వేళ ఫోన్ సైలెంట్‌లో పెట్టి ఆయన పక్కన ఉండండి. మీ సంపాదన మొదలయ్యాక మొదటి నెల బిల్లుల పుస్తకం ఆయన చేతికివ్వండి. కొడుకు ఊళ్లమ్మట తిరుగుతున్నాడన్న చిన్నతనం ఆయన మనసులోంచి పోవడానికి నా మాటలూ మీ మాటలూ చాలవు, ఆ పుస్తకం కొంత సాయపడుతుంది.

బాబాయ్ గారి రెండు లక్షలు తీసుకోవద్దు. ఆర్నెల్ల పనికి రూపాయి ఇవ్వాలని తోచని మనిషి వాటాదారైతే, ఆయన స్నేహితుల మిల్లులన్నింటికీ మీరు "మనోడే" అయిపోతారు. ఆయన చెడ్డవారని నేననను. అడగలేదు కాబట్టి ఇవ్వలేదు, అంతే. మీ డెల్టాలో కోత మిషన్ మేనమామదైనా గంట లెక్క కట్టే పంపిస్తారు, ఎవరూ తప్పు పట్టరు. మీ పనికీ అదే మర్యాద ఉండాలి. ఆయన దగ్గర మాట ఎలా ఎత్తాలో తెలియక సతమతమవుతున్నారేమో, ఇలా అనండి: "బాబాయ్ గారూ, డబ్బు పెట్టొద్దండి, మీరు నా మొదటి ఖాతాదారుగా ఉండండి. ఇప్పటిదాకా చేసింది మన ఇంటి పని. ఒకటో తేదీ నుంచి నెలకింత అండి. ఏమేం చూస్తానో ఈ కాగితంలో రాశాను. మీరు పుచ్చుకుంటే మీ పేరు చెప్పి ఇంకో నలుగురిని అడగగలను." పాత ఆర్నెల్లకు అడగొద్దు. ఆయన బేరమాడితే పని తగ్గించి రేటు తగ్గించండి. పని అంతే ఉంచి రేటు ఒక్కటే తగ్గించకండి.

ఆ కాగితం ఒక్క పేజీ ఉంటే చాలు. ఏ కంప్యూటర్లు చూస్తారు, ఏ వేళల్లో చూస్తారు, విడిభాగాలు కొన్న బిల్లుకే ఇస్తారా, రాత్రి ఫోన్ ఏ పరిస్థితిలో ఎత్తుతారు, డబ్బు ఏ తేదీకి ఇవ్వాలి. జీఎస్టీ గడువులకు ముందు రెండేసి రోజులు కొత్త పనులు పెట్టుకోనని కూడా రాయండి. ఆ రోజుల్లో మీరు అందరికీ కావాలి.

పాస్‌వర్డ్‌లు మీ ఫోన్లో మాత్రమే ఉండటం ఆయనకూ ప్రమాదమే, మీకూ ప్రమాదమే. రేపు మాటామాటా వస్తే మిల్లును గుప్పిట్లో పెట్టుకున్నాడనే నింద మీ మీద పడుతుంది. అన్నీ రాసి, కవరులో పెట్టి అంటించి, పైన ఇద్దరూ సంతకాలు చేసి ఆయన బీరువాలో పెట్టించండి. బ్యాంకు పాస్‌వర్డ్‌లు మీ దగ్గర ఉంటే వాటిని ఆయన చేతే మార్పించి, కొత్తవి మీరు తెలుసుకోకండి. కవరు ఇవ్వడానికి మిల్లుకెళ్లిన రోజే, అది ఆయన చేతికిచ్చాక, రేటు కాగితం కూడా ఆయన ముందు పెట్టండి.