అర్జున్ ట్యాంకుకి 30 ఏళ్ళు ఎందుకు పట్టింది? లేత్ దగ్గర నిలబడినవాడి జవాబు

"1974లో మొదలుపెట్టిన అర్జున్ ట్యాంకు 2004కి గానీ సైన్యం చేతికి రాలేదు, అదీ సగం విదేశీ సరుకుతో. మనోళ్ళకి చేతకాకేనా?" అని ఒంగోలులో డిప్లొమా చదివే అబ్బాయి అడిగాడు. నాకన్నా ముందు జవాబు రాసినవాళ్ళు చేతకాకే అని తేల్చేశారు కూడా. ఒక్క నిమిషం ఆగండయ్యా.

నేను ఇంజనీరుని కాదు. నెల్లూరు ఐటీఐలో టర్నర్ ట్రేడు చేసి, 1997లో పినాకిని ఎక్కి మద్రాసు పోయినవాణ్ణి. (ఊరి పేరు మార్చారు, తెలుసు. మా నెల్లూరోళ్ళ నోటికి అది మద్రాసే.) అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఒక చిన్న షాపులో పదకొండేళ్ళు పనిచేశా. ఇప్పుడు నెల్లూరు ఆటోనగర్‌లో నాకే ఒక షెడ్డు ఉంది. రొయ్యల గుంటల్లో నీళ్ళకి గాలి కలుపుతా తిరిగే ఏరేటర్లకి షాఫ్టులు చేసుకుంటా బతుకుతున్నా. అర్జున్‌తో నాకున్న చుట్టరికమల్లా ఒక పిన్ను. జానెడు పొడుగు, బొటనవేలంత లావు.

అంబత్తూరుకి ఆవడి పక్కనే. లోకల్ రైలెక్కి సీటు వెతుక్కునే లోపు వచ్చేస్తుంది. ట్యాంకుని డిజైన్ చేసే సంస్థా, తయారుచేసే హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీ రెండూ అక్కడే. పెద్ద ఫ్యాక్టరీ అంతా తనే చేసుకోదు. పెద్ద కంపెనీకి ఇస్తే అక్కడి నుంచి చిన్న కంపెనీకి, అట్టా దిగి దిగి మా బోటి షాపుకి వస్తుంది పని. మా చేతికొచ్చిన డ్రాయింగ్ మీద నంబరు తప్ప పేరు లేదు. లారీదేమో అనుకున్నా. ఫోర్‌మన్ కళ్ళజోడు పైకి నెట్టుకుని "తంబీ, లారీ పిన్నుకి ఇన్ని సంతకాలుంటాయా?" అన్నాడు.

మామూలుగా ట్యాంకు చక్రాలకి టార్షన్ బార్లుంటాయి, అంటే మెలితిరిగి కుదుపుని మింగే ఉక్కు కడ్డీలు. రష్యా ట్యాంకులు టీ-72, టీ-90 అన్నిట్లో అవే. అర్జున్‌లో ఒక్కో చక్రానికి నూనె, నైట్రోజన్ గ్యాసు నింపిన యూనిట్ ఉంటుంది. 58.5 టన్నుల బండి గుంటలో పడి లేచినా లోపలున్న నలుగురికీ నడుములు విరగవు, ఫిరంగి గురి చెదరదు. మా పిన్ను ఆ సస్పెన్షన్‌లో ఒక మూల పడేది.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. ఆ పిన్నుని ముందు లేత్ మీద తిప్పి, బయట హార్డ్‌నింగ్ (కాల్చి, చల్లార్చి గట్టిపరచడం) చేయించి, తెచ్చి గ్రైండింగ్‌లో ఆఖరి సైజుకి దించాలి. హార్డ్‌నింగ్ నుంచి వచ్చిన పిన్ను ఎంతో కొంత వంకర పోయే ఉంటుంది. అందుకని కాస్త మెటీరియల్ మిగిల్చి, ఆ మిగిల్చింది గ్రైండింగ్‌లో మెల్లగా, ఒక్కో కట్‌కి కొన్ని మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) చొప్పున తీయాలి. ఆ రాత్రి షిఫ్టులో గ్రైండర్ మీద నేనున్నా. పొద్దున్నే లాటు, అంటే ఆ విడత పిన్నులన్నీ, పోవాలి. గ్రైండర్ వీల్ (అరగదీసే చక్రం) మొద్దుబారింది, దానికి డైమండ్ డ్రెస్సింగ్, అంటే వజ్రపు మొనతో గీసి పదును తేవడం, చేయాలి. చేయలా. కట్ మాత్రం ఎక్కువ ఇచ్చా. పిన్నులు అద్దాల్లా మెరుస్తున్నాయి, సైజు చూసే గేజులో నున్నగా దూరుతున్నాయి. నాకు నేనే భుజం తట్టుకున్నా.

పరీక్షలో ఏం చేస్తారంటే, పిన్నుని అయస్కాంతం చేసి, మెరిసే ఇనుప రజను కలిపిన నూనె పోసి, చీకటి గదిలో ఊదారంగు లైటు కింద తిప్పుతారు. నన్ను కూడా పిలిచి చూపించారు. పగటి వెలుతురులో మచ్చ కూడా లేని పిన్ను మీద, ఆ లైటు కింద సన్నటి ఆకుపచ్చ గీతలు. తల వెంట్రుకలు అంటించినట్టు. మొద్దు వీల్ రుద్దిన వేడికి పైపొర పగిలింది. 60 పిన్నుల్లో 41 పోయాయి. మళ్ళీ ఎవరూ వాడకుండా వాటిని నా కళ్ళ ముందే రంపం పెట్టి రెండు ముక్కలు చేశారు.

తరువాత నెలంతా వీల్ రకం మార్చి, స్పీడు మార్చి, కూలెంట్ పోసే కోణం మార్చి చివరికి పట్టుకున్నాం. ఆ లెక్కలన్నీ ఒక క్యాలెండరు వెనక పెన్సిలుతో రాసుకున్నా. ఆ తరువాత ఒక్క లాటు కూడా వెనక్కి రాలేదు. నేర్చుకోవడానికి ఒక నెల పోయింది, నిజమే. మేం దెబ్బతిన్నది ఆ నెల దగ్గర కాదు.

ట్యాంకుకి పక్కకి ఏడు చొప్పున 14 చక్రాలు. 2000లో వచ్చిన ఆర్డరు 124 ట్యాంకులు. చక్రానికో పిన్ను వేసుకుని గుణించు: 1,736. అంతే. అదీ ఒక్క ఊపున కాదు, ఏళ్ళ తరబడి చుక్కలు చుక్కలుగా. మా ఆటోనగర్‌లో నాలుగు షాపులు కలిస్తే అన్ని ఏరేటర్ షాఫ్టులు ఏడాది తిరక్కుండా చేసి పడేస్తాం. ఆ 1,736 కోసం ఫిక్చరు (పిన్నుని కదలకుండా పట్టుకునే బిగింపు), గేజులు, పరీక్షలు, కాగితాలు అన్నీ పెట్టుకోవాలి. మా ఓనరు లెక్క చూసుకుని తల పట్టుకున్నాడు. ఆర్డరు అయిపోయాక ఫిక్చరుకి గ్రీజు పూసి అటక మీద పెట్టారు. 2008లో నేను ఊరికొచ్చేశా.

అదే కాలంలో, 2001లో, రష్యా నుంచి 310 టీ-90లు కొనడానికి ఒప్పందం అయింది. చిత్రమేందంటే అందులో తయారుగా వచ్చినవి 124, మిగతావి ఆవడిలో బిగించుకునేవి. ఆ తరువాత టీ-90ల లెక్క వెయ్యి దాటింది. వెయ్యి దాటిన బండికి సరఫరాదారుడు మిషన్లు కొంటాడు, మనుషుల్ని పెట్టుకుంటాడు. 124 బండ్లకి ఎవడు పెడతాడు? అందుకే అర్జున్‌లో జర్మనీ నుంచో ఇంకో చోటి నుంచో వచ్చే భాగాలు తగ్గలా. అక్కడ రెడీగా దొరికేదాన్ని ఇక్కడ కొద్ది సంఖ్యకి తయారు చేయిస్తే రేటు పేలిపోతుంది.

2000కి ముందు సంగతి వేరు, దాన్ని కూడా దాచను. 1974లో 15.5 కోట్లతో మొదలై, పదేళ్ళలో అయిపోవాల్సిన పని అది. మొదట అనుకున్నది 40 టన్నుల బండి, 105 మిల్లీమీటర్ల ఫిరంగి. ఈ లోపు బయట దేశాల ట్యాంకులు బలిసిపోయాయి, ఫిరంగి 120కి పోయింది, కవచం మందమయింది, బరువు పెరిగింది. రెండు హార్స్‌పవర్ ఏరేటరుకని చేయించుకున్న షాఫ్టు మీద రైతు నాలుగు హార్స్‌పవర్ మోటారు తెచ్చి బిగించమంటే నేనేం చేస్తా? షాఫ్టు మార్చాలి, బేరింగు మార్చాలి, కింద తేలే ఫ్లోటు కూడా మార్చాలి. అదే జరిగింది అక్కడ, ఒకసారి కాదు.

ఇంజిను మాత్రం నిజంగానే మనకి చేతకాలేదు. 1500 హార్స్‌పవర్ ఇంజిను సొంతంగా చేయబోయి, కుదరక, జర్మనీ ఎంటీయూ వాళ్ళ 1400 హార్స్‌పవర్ ఇంజిను పెట్టారు. గేర్‌బాక్సు కూడా జర్మన్‌దే, రెంక్ వాళ్ళది. చల్లటి దేశంలో పుట్టిన సరుకు రాజస్థాన్ ఎండలో ఆయాసపడింది. ఇవన్నీ సరిదిద్దడానికి ఏళ్ళు కరిగిపోయాయి.

కవచం కథ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అది మన హైదరాబాదులో డీఎంఆర్‌ఎల్ (రక్షణ శాఖ లోహాల ల్యాబు) వాళ్ళు చేసింది. ల్యాబు ఉన్న కంచన్‌బాగ్ పేరు మీదే దానికి కంచన్ అని పెట్టారు. లోపల ఏముందో ఇప్పటికీ బయటికి చెప్పరు. చేతకానివాళ్ళు చేసే పని కాదది. 2010లో రాజస్థాన్‌లో టీ-90తో పక్కపక్కన పెట్టి పోటీ పరీక్షలు చేస్తే అర్జున్ తలదించుకోలేదు. మరీ బరువు, పంజాబ్ వంతెనల మీద, రైలు వ్యాగన్ల మీద ఇబ్బంది అంటారు. ఆ మాట అబద్ధం కాదు. అర్జున్‌లో కొత్త రకం, మార్క్-1ఏ అయితే 68 టన్నులు.

ఆ పరీక్షల తరువాత ఇంకో 124 తీసుకుంటామన్నారు. ఆ మార్పు, ఈ మార్పు అంటా ఆర్డరు మీద సంతకం పడేసరికి 2021 సెప్టెంబరు. అప్పటికి 118 అయ్యాయి, 7,523 కోట్లు.

ఆ మరుసటేడు ఒక మధ్యాహ్నం నేను షాఫ్టుకి కీవే (గాడి) కొడుతుంటే ఫోనొచ్చింది. అంబత్తూరు ఓనరు కొడుకు. నాన్న పోయాక షాపు తనే చూసుకుంటున్నాడు. "అన్నా, అప్పట్లో ఆ పిన్నుకి ఏ వీల్ వాడారు? అట్టాంటిదే ఇంకోటి కొటేషన్‌కి వచ్చింది. ఇక్కడ తెలిసినోళ్ళు ఎవరూ లేరు" అన్నాడు. ఫోర్‌మన్ పోయి ఆరేళ్ళయిందట. ఫిక్చరు పాత ఇనుముకి పోయింది. ఇంటికి పోయి అటక మీద ట్రంకుపెట్టె దించితే క్యాలెండరు దొరికింది గానీ, వీల్ నంబరు రాసిన మూలని చెదలు తినేశాయి. గుర్తున్నంత వరకు చెప్పా. మిగతాది వాళ్ళు కూడా ఒక లాటు పాడుచేసుకుని నేర్చుకోవాల్సిందే.

నవ్వొచ్చే సంగతేందంటే, జర్మనీలో కూడా అదే జరిగింది. మార్క్-1ఏకి కావాల్సిన ఆ పాత ఇంజిను తయారీ లైను అక్కడ ఆపేశారని, మళ్ళీ మొదలుపెట్టాలంటే ఏళ్ళు పడుతుందని పేపర్లో చదివా. అంత పెద్ద కంపెనీ ఫిక్చర్లకి కూడా గ్రీజు పూసి పక్కన పెట్టుకుందన్నమాట.

కాబట్టి అబ్బయ్యా, 1974 నుంచి 2000 దాకా పోయిన కాలానికి మారిన కోరికలూ, కుదరని ఇంజినూ కారణం. ఆ తరువాతి కాలానికి కారణం చిన్న ఆర్డర్లు, వాటి మధ్య పెద్ద ఖాళీలు. 2024 మార్చిలో మన సొంత 1500 హార్స్‌పవర్ ఇంజిను మైసూరులో ప్రభుత్వ కంపెనీ బీఈఎంఎల్‌లో మొదటిసారి స్టార్ట్ అయింది. ఆ రోజు షాపులో కుర్రాళ్ళకి టీలు ఇప్పించా. అది ఎంత బాగా తిరిగిందని వాళ్ళడిగారు. నాకు తెలుసుకోవాలని ఉన్నది మాత్రం ఒకటే, ఎన్ని కావాలంటారో.