పైథాన్‌లో ‘|’ గుర్తు కన్నా అప్‌డేట్‌నే ఎక్కువ అనుమానించాలి

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో సెట్‌కు (ఏ విలువా రెండుసార్లు ఉండని గుంపు) లిస్టును (వరుసగా పేర్చిన విలువలు) ‘|’ గుర్తుతో కలిపితే టైప్‌ఎర్రర్ (రకాలు కుదరలేదన్న తప్పు) వస్తోందనీ, అదే కలిపే పనికి పేరుతో ఉన్న ఆదేశమైన యూనియన్ మెథడ్‌తో కలిపితే రావడం లేదనీ, ఈ తేడా ఎందుకనీ మీరు అడిగారు. ‘|’కు రెండు వైపులా సెట్లే ఉండాలన్నది కావాలని పెట్టిన అడ్డు. ఆ నియమమే లేకపోతే, సెట్ పక్కన పొరపాటున స్ట్రింగ్ (అక్షరాల వరుస) వచ్చినప్పుడు పైథాన్ దాన్ని అక్షరాలుగా విడగొట్టి కలిపేసేది, ఎవరికీ తెలిసేది కూడా కాదు. నాకు ఆ నియమంతో పేచీ లేదు, డిక్షనరీ (ఒక్కో పేరుకు ఒక విలువను జతచేసి ఉంచేది) కీస్, అంటే అందులోని ఆ పేర్లు, దాన్ని పాటించకపోవడంతోనే ఉంది. కీస్‌కు ‘&’ (రెండింటిలోనూ ఉన్నవాటిని ఏరే గుర్తు) పెట్టి లిస్టునిచ్చినా, స్ట్రింగునిచ్చినా మారుమాట లేకుండా సెట్‌ను చేతిలో పెడుతుంది.

అయినా ఎర్రర్ ఇచ్చే తేడా నయం, నోరెత్తని తేడాతోనే ప్రమాదం. నేను పనిచేసిన ఒక చోట గోదాము సరుకు లెక్కల ప్రోగ్రాం ఉండేది. ప్రతి రాత్రీ వచ్చే తాజా నిల్వలను డిక్షనరీలోకి అప్‌డేట్ మెథడ్‌తో ఎక్కించేవారు, పాత అంకె పోయి కొత్తది నిలిచేది. లేని సరుకు గురించి అడిగితే సున్నా వస్తుందన్న సౌకర్యం కోసం సహోద్యోగి ఒకరు ఆ డిక్షనరీని కౌంటర్‌గా (లెక్కలు ఉంచడానికి చేసిన ప్రత్యేక డిక్షనరీ) మార్చారు. టెస్టులన్నీ ఖాళీ నిల్వతోనే మొదలయ్యేవి కనుక ఒక్కటీ తప్పలేదు. అయితే కౌంటర్‌లో అప్‌డేట్ పాత అంకెను తీసివేయదు, దానికి కొత్తదాన్ని కూడుతుంది. 40 బస్తాలున్న సరుకు మర్నాటికి 80 అయింది. “సార్, ఆ గదిలో పట్టేవే 60 బస్తాలు, మిగిలినవి ఎక్కడ పెట్టామంటారు?” అని గుమాస్తా ఫోన్ చేసేదాకా అది ఎవరి కంటా పడలేదు.

కౌంటర్ డిక్షనరీకి వారసుడు, అంటే డిక్షనరీ మీదే కట్టిన రకం. వారసుడు తండ్రి పేరుతో ఉన్న మెథడ్‌కే వేరే అర్థం ఇవ్వడం నా దృష్టిలో క్షమించరానిది. సెట్‌లో ‘|=’ (కలిపి, ఫలితాన్ని ఎడమవైపు దానిలోనే ఉంచే గుర్తు), అప్‌డేట్ ఒకే పని చేస్తాయి, రెండు డిక్షనరీల మధ్య కూడా అంతే. కౌంటర్‌లో మాత్రం అప్‌డేట్ కూడుతుంది, ‘|=’ రెండింటిలో పెద్ద అంకెను ఉంచుతుంది. ‘-’ గుర్తు సున్నాను, అంతకు తక్కువైన లెక్కలను పారేస్తే, సబ్‌ట్రాక్ట్ మెథడ్ వాటిని భద్రంగా ఉంచుతుంది. సెట్ 2004లో పైథాన్ 2.4 వెర్షన్‌తో అంతర్నిర్మిత రకంగా వచ్చింది, డిక్షనరీకి ‘|’ 2020లో 3.9తో గానీ రాలేదు. ఇంత ఎడంతో చేర్చుకుంటూ పోతే పొందిక కుదరదు. డిక్షనరీకి ‘|’ ఇచ్చినవారు ‘&’ ఇవ్వలేదు, పదహారేళ్లు ఆగినవారికి ఆ ఒక్కటీ బరువైందా? ఇంటర్వ్యూల్లోనేమో సెట్‌లో వెతకడానికి ఎంత సమయం పడుతుందని తప్పకుండా అడుగుతారు గానీ, ఈ అప్‌డేట్ సంగతి అడిగినవారు నాకింతవరకూ తారసపడలేదు.

మీ లిస్టును ముందు సెట్‌గా మార్చుకుని ఆ తర్వాత ‘|’ వాడండి. కౌంటర్‌లో అంకెను మార్చవలసి వస్తే మాత్రం అప్‌డేట్ జోలికి పోకుండా, లూప్ రాసి ఒక్కో కీకి విలువను నేరుగా ఇవ్వండి.