తల్లినైనా గార్డియన్‌ని కాదంటున్నారు!

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. సదరం సర్టిఫికెట్ ఉంది. మావారు పోయిన శ్రావణంలో కాలం చేశారు. బాబు పేరున ఆయన వేసిన డిపాజిట్ గడువు తీరితే బ్యాంకుకు వెళ్లాను. ‘మేజరయ్యాడు కదా, గార్డియన్ సర్టిఫికెట్ తెండి’ అన్నారు. తెలిసిన లాయరు గారు కోర్టులో వేయాలి, 40 వేలు అవుతుందన్నారు. మంచి లాయరుని ఎలా చూసుకోవాలి? అమ్మాయి పెళ్లయి మంగళగిరిలో ఉంటోంది.
- ఒక తల్లి, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ డబ్బు అప్పుడే కట్టకండి. ముందు ఆ లాయరు గారిని ఒక్క మాట అడగండి: ‘మావాడికి 22 ఏళ్లు, ఏ చట్టం కింద వేస్తారు?’ 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం పేరు చెబితే దండం పెట్టి వచ్చేయండి. అది మైనర్లకు.

మీ అబ్బాయి లాంటివాళ్ల కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్లకు 18 దాటాక గార్డియన్‌ని నియమించేది కలెక్టర్ ఉండే జిల్లా స్థానిక కమిటీ. దీనికి లాయరు అక్కర్లేదు. కలెక్టరేట్‌లో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ వాళ్లను కలిసి గార్డియన్ కోసం పెట్టే అర్జీ, ఫారం-ఎ అడగండి. సదరం, ఇద్దరి ఆధార్, మీవారి మరణ ధ్రువపత్రం పట్టుకెళ్లండి. ఒరిజినల్స్ చూపించి జిరాక్సులే ఇవ్వండి. ఆ కమిటీ ఇచ్చే గార్డియన్ సర్టిఫికెట్‌ను బ్యాంకులు తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2007లోనే చెప్పింది.

బాబును తీసుకురమ్మంటే డబ్బాలో పెరుగన్నం పెట్టుకెళ్లండి. ఇలాగే ఒక తల్లికి నేను తోడు వెళ్లాను. మధ్యాహ్నం దాటేసరికి పిల్లాడు ఆకలికి ఏడుపు అందుకున్నాడు. వాణ్ణి చూసి ఆమె కూడా ఏడ్చేసింది. ఆ రోజు నేనింకా మర్చిపోలేదు.

గార్డియన్ అయ్యాక 6 నెలల్లో బాబు ఆస్తుల జాబితా ఇవ్వాలి. ఏటా మార్చి తర్వాత 3 నెలల్లో లెక్కలు చూపాలి. మందుల చీటీలతో సహా ఒక నోట్‌బుక్కులో రాసుకుంటే టెన్షన్ ఉండదు.

లాయరు కావలసింది ఇంటి విషయంలో. మీవారి పేరున ఇల్లుండి, విల్లు రాయకపోతే అందులో బాబుకూ వాటా ఉంటుంది. అమ్మే ఆలోచన ఉంటే లాయరుని అడగకుండా అడ్వాన్సు పుచ్చుకోవద్దు. అందుకైనా ఫీజు పెట్టనక్కర్లేదు. గుంటూరు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వండి, లేదా 15100కి ఫోన్ చేయండి. మహిళలకు, వైకల్యం ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. 1987 చట్టం ఇచ్చిన హక్కు అది, మొహమాటపడకండి. ఎవరిని పెట్టుకున్నా ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం చేయకండి.

కలెక్టరేట్‌కు వెళ్లే రోజు మంగళగిరి నుంచి అమ్మాయిని పిలిపించుకోండి. రేపు మీకు చేతగాని రోజు వస్తే తమ్ముడి కోసం అర్జీ పెట్టాల్సింది బహుశా తనే. ఏ కాగితం ఏ బీరువాలో ఉందో ఇప్పుడే చూపించండి.