షర్లీ హార్న్ వినండి, తనే పియానో వాయించుకున్న రికార్డులతో మొదలుపెట్టండి

ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, బిల్లీ హాలిడే, సారా వాన్ అందరినీ వినేశాను, జనం అంతగా పట్టించుకోని జాజ్ గాయకులెవరైనా ఉంటే చెప్పండి, ఎలా వినాలో కూడా రాయండి అని అడిగారు కదా. నేను ఒక్క పేరే చెప్తాను: షర్లీ హార్న్. జాజ్ బాగా తెలిసినవాళ్లకి ఆవిడ కొత్త కాదు, 1990ల్లో పేరూ వచ్చింది, గ్రామీ కూడా వచ్చింది. కానీ అంతకుముందు చేసిన రికార్డుల జోలికి వెళ్లేవాళ్లు తక్కువ. నా ప్రాణం వాటిమీదే ఉంది.

మేరీలాండ్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో ప్రతి శనివారం లైబ్రరీకి వెళ్లి చేతికందిన జాజ్ సీడీలు నాలుగైదు తెచ్చుకునేదాన్ని. అలా దొరికిందే షర్లీ హార్న్ రికార్డు ‘ఎ లేజీ ఆఫ్టర్‌నూన్’. రాత్రి భోజనాలయ్యాక అది పెట్టి గిన్నెలు కడుగుతున్నాను, నెమ్మది పాట ఒకటి వచ్చింది, కాసేపటికి పాట ఆగిపోయిందా, నాకే నీళ్ల చప్పుడులో వినపడట్లేదా అని అనుమానమొచ్చి కుళాయి కట్టేశాను. ఆగలేదు. ఒక మాట అంటుంది, ఊరుకుంటుంది. ఆ ఖాళీలో పియానో మీద ఒకే ఒక్క కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి నొక్కడం) పడుతుంది, దాని మోత సన్నబడి దాదాపు ఆరిపోయేదాకా తర్వాతి మాట రాదు. ఇంత ఆలస్యమైతే పాట జారిపోతుందేమోనని వినే మనకి టెన్షన్, ఆవిడకి మాత్రం ఏ తొందరా లేదు. చేతులకి సబ్బు నురగతోనే పాట అయ్యేదాకా అలాగే నిలబడ్డాను.

ఈ నెమ్మది నాకు మరీ కొత్త కాకపోవడానికి మా అమ్మ కారణం. అమ్మ చిన్నప్పుడు క్షేత్రయ్య పదాలు కొన్ని నేర్చుకుంది, మధ్యాహ్నాలు చౌక కాలంలో, అంటే బాగా నెమ్మదిగా, పాడుకునేది. నేను పక్కన కూర్చుని తొందరపడితే, “పరుగెత్తకే, మాట ఇంకా అవ్వలేదు” అనేది. మువ్వగోపాలుడి మీద అలిగిన ఆడమనిషి ఒక్క మాటని లాగి లాగి అంటుంటే ఆ మాటలోంచి కోపం, ప్రేమ, ఎత్తిపొడుపు ఒకదాని వెనక ఒకటి బయటికొస్తాయి. అదే వేగంగా పాడితే అర్థం మాత్రమే మిగులుతుంది. షర్లీ హార్న్ ఇంగ్లీషు ప్రేమపాటల్ని పట్టుకుని చేసేది ఇదే. సంగీతాలు రెండూ ఒకటని అనను, క్షేత్రయ్య పదానికి తాళం కట్టుబాటు ఉంటుంది, ఈవిడేమో తాళాన్ని లోపల ఎక్కడో దాచుకుని మాటని దాని వెనక నడిపిస్తుంది. కానీ మాట అయ్యేదాకా ఆగే ఓపిక మాత్రం రెండిట్లోనూ ఒకటే.

ఆవిడ 1934లో వాషింగ్టన్‌లో పుట్టింది, నాలుగేళ్లప్పుడే పియానో మొదలుపెట్టింది. 1960లో ఒక చిన్న కంపెనీకి ‘ఎంబర్స్ అండ్ యాషెస్’ రికార్డు చేస్తే అది పేరున్న జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ చెవిన పడింది. ఆయన ఆవిణ్ణి న్యూయార్క్ పిలిపించి, విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో తన కచేరీకి ముందు పాడించాడు. తర్వాత మెర్క్యురీ కంపెనీకి 1963లో రెండు రికార్డులు చేసింది. వాటిలో పెద్ద పెద్ద వాయిద్య బృందాలున్నాయి, పియానో దగ్గర మాత్రం వేరేవాళ్లు. ఆ తర్వాత కూతుర్ని పెంచుకుంటూ చాలా ఏళ్లు వాషింగ్టన్ దాటి ఎక్కువగా వెళ్లలేదు, అక్కడి క్లబ్బుల్లోనే పాడుకుంది. డెన్మార్క్‌కి చెందిన స్టీపుల్‌చేజ్ కంపెనీ 1978లో మళ్లీ రికార్డు చేసింది, నేను గిన్నెల దగ్గర విన్నది ఆ రికార్డే. అందులో బస్టర్ విలియమ్స్ బేస్ (మంద్రంగా మోగే పెద్ద తీగవాద్యం) తీగమీద వేలు జారుస్తుంటే మన గమకం వింటున్నట్టే ఉంటుంది.

ఎలా వినాలంటే, ముందు 1963 నాటి ‘లోడ్స్ ఆఫ్ లవ్’లో ఏదో ఒక పాట వినండి. గొంతు బాగుంది, బృందం కూడా బాగుంది, నేనేమీ తక్కువ చేయను. కానీ బృందం దాని దారిన అది వెళ్తుంటుంది, ఆవిడ దానితో సర్దుకోవాలి. వెంటనే ‘ఎ లేజీ ఆఫ్టర్‌నూన్’ పెట్టండి. పక్కవాద్యం ఎంత గొప్పదైనా గాయని ఎక్కడ ఆగుతుందో ఊహించుకునే వాయించాలి, ఇక్కడ ఊహించే పనే లేదు, ఆగే గొంతూ ఆపే చెయ్యీ ఒకరివే. మరుసటి ఏడాది అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు ఏమీ చెప్పకుండా ఇది పెట్టాను. అమ్మకి ఇంగ్లీషు పాటలో మాటలు తెలియవు. రెండు పాటలు కళ్లు మూసుకుని విని, “పాడేదీ వాయించేదీ ఒక్కరేనా?” అని అడిగింది.

ఇది నచ్చితే 1987లో వెర్వ్ కంపెనీ విడుదల చేసిన ‘ఐ థాట్ అబౌట్ యు’ వినండి, హాలీవుడ్ క్లబ్బులో జనం ముందు పాడినది. బేస్ చార్లెస్ ఏబుల్స్, డ్రమ్స్ స్టీవ్ విలియమ్స్, ఇద్దరూ ఏళ్ల తరబడి ఆవిడతోనే ఉన్నారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే, ఆవిడ మాట ఆపినచోట డ్రమ్ మీద బ్రష్ రాపిడి తప్ప ఇంకేమీ వినపడని క్షణాలుంటాయి. వాటికోసమే వినండి. తర్వాత 1991లో వచ్చిన ‘యు వోంట్ ఫర్గెట్ మి’, అందులో టైటిల్ పాటకి మైల్స్ డేవిస్ ట్రంపెట్ వాయించాడు, అదే ఏడాది సెప్టెంబరులో పోయాడు.

2003 నాటి ‘మే ద మ్యూజిక్ నెవర్ ఎండ్’ మాత్రం చివరికి దాచుకోండి. షుగర్ వల్ల అప్పటికి ఆవిడకి పాదం తీసేశారు, ఆ రికార్డులో పియానో వేరేవాళ్లు వాయించారు, రెండు పాటలకి జాజ్ పియానిస్టు అహ్మద్ జమాల్ కూర్చున్నాడు. ముందువన్నీ విని ఉంటే, మాటకీ మాటకీ మధ్య ఆవిడ ఇప్పుడు ఇంకొకరి చేతికోసం ఎదురుచూడటం మీకు వినపడుతుంది. నేను ఆ రికార్డుని ఏడాదికి ఒకసారికంటే ఎక్కువ వినలేను.