దేశం ఎదిగితే పొగ పెరగాల్సిందేనా?

"ఆదాయం పెరిగితే ఉద్గారాలూ పెరుగుతాయి కదా, మరి పేద దేశాలు ఎదగకూడదా?" అని అడిగారు. థర్మల్ ప్లాంట్ కంట్రోల్ రూములో ఏళ్ల తరబడి షిఫ్టులు చేసినవాణ్ని కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను.

పేద దేశం ఎదిగేకొద్దీ ఖాయంగా పెరిగేది కరెంటు వాడకం. పొగ ఎంతన్నది ఆ కరెంటు దేంతో తీస్తున్నామన్న దాని మీద ఉంటుంది. బొగ్గుతో యూనిట్ కరెంటు తీస్తే దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ చిమ్నీలోంచి పోతుంది. గ్యాస్‌తో అందులో సగం కూడా రాదు. అణు, పవన విద్యుత్తుకైతే ప్లాంటు కట్టడానికి పట్టే పొగ కలిపినా గ్రాముల్లోనే లెక్క.

ఫ్రాన్స్ 1973 చమురు సంక్షోభం తర్వాత అణు విద్యుత్తు వైపు వెళ్లింది. పక్కనున్న జర్మనీ 2023 ఏప్రిల్‌లో చివరి అణు రియాక్టర్లు ఆపేసింది, బొగ్గు మాత్రం ఇంకా కాలుస్తోంది. జర్మనీవాళ్ల ఆదాయం కాస్త ఎక్కువే, కానీ తలసరి ఉద్గారాల్లో ఉన్న తేడా అంతకంటే చాలా పెద్దది. బ్రిటన్‌లో 2012లో దాదాపు 40 శాతం కరెంటు బొగ్గుదే. 2024 సెప్టెంబర్ 30న ఆఖరి బొగ్గు ప్లాంటు మూసేశారు. అందుకని ఆ దేశమేం పేదదైపోలేదు. (వాళ్లు దిగుమతి చేసుకునే సరుకు తాలూకు పొగ మాత్రం తయారుచేసిన దేశం ఖాతాలో పడుతుంది, అది వేరే పంచాయితీ.)

"ఇంత సోలార్ వచ్చినా బొగ్గు ఎందుకు తగ్గట్లేదు?" అని చాలామంది అంటారు. కంట్రోల్ రూములో కూర్చుంటే తెలుస్తుంది. మధ్యాహ్నం ఎండ బాగా కాస్తే లోడ్, అంటే ప్లాంటు తీసే కరెంటు, తగ్గించమని ఫోను వస్తుంది. బొగ్గును పొడి చేసి బాయిలర్‌కి పంపే మిల్లుల్ని ఒక్కొక్కటిగా ఆపుతూ వస్తాం. మరీ తగ్గిస్తే బాయిలర్‌లో మంట నిలకడగా ఉండదు, ఆయిల్ గన్‌లతో నూనె చిమ్మి మండించి నిలబెట్టాలి. పోనీ పూర్తిగా ఆపేద్దామంటే, చల్లారిన ప్లాంటుని మళ్లీ లేపడానికి గంటలు పడుతుంది. సాయంత్రం సూర్యుడు దిగే వేళకి అందరికీ కరెంటు కావాలి. అందుకే తక్కువ లోడ్ మీద నడుపుతూనే ఉంటాం, అలా నడిపితే ఒక్కో యూనిట్ కరెంటుకి పట్టే బొగ్గు ఎక్కువవుతుంది. మొత్తం మీద బొగ్గు మిగులుతుంది గానీ కాగితం మీద వేసుకున్నంత కాదు. పంప్డ్ స్టోరేజీ (మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం), బ్యాటరీలు లేకుండా సోలార్ ఒక్కటే పెంచుకుంటూ పోతే ఇదే గతి.

నా మట్టుకు అసలు చూడాల్సింది ఎదిగే దశలో ఏం కడుతున్నారన్నదే. బొగ్గు ప్లాంటు ఒకసారి కడితే 40 ఏళ్లయినా నడుస్తుంది. అప్పు తీరకుండా ఏ యజమానీ దాన్ని తనంతట తాను మూయడు, తీరాక అసలే మూయడు, ఎందుకంటే లాభాలు వచ్చేది అప్పుడే.