పెళ్లిరోజుకి టోఫినో: అప్పు చేయకుండా వెళ్లిరావచ్చు

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లయిన కొత్తలోనే కెనడా వచ్చేశాం, వాంకూవర్ పక్కన సర్రేలో అద్దెకుంటున్నాం. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 6,800 డాలర్లు చేతికొస్తాయి. అద్దె, కారు, సరుకులు, ఊళ్లో అత్తమామలకు పంపే 500 అన్నీ పోను 900 మిగులుతోంది. బ్యాంకులో 9,000 ఉంది. ఆయనది వేర్‌హౌస్‌లో రాత్రి డ్యూటీ, సెలవు మంగళ, బుధవారాలు. నాది ఆఫీసు, సెలవు శని, ఆదివారాలు. ఒకే ఇంట్లో ఉంటూ కూడా కలిసి భోంచేసే రోజులు తక్కువ. ఫిబ్రవరి 13 మా మూడో పెళ్లిరోజు. వాంకూవర్ ఐలాండ్‌లో టోఫినో వెళ్లి చలికాలపు తుఫానులు చూద్దామని, మూడు రాత్రులకు మొత్తం 3,400 అవుతుందని ఆయన లెక్క వేశారు. కార్డు మీద పెట్టి నెలకు 150 చొప్పున కడదాం, కావాలంటే ఇంటికి పంపేది రెండు నెలలు ఆపుదాం అంటున్నారు. ఆ డబ్బు ఇంటి డౌన్ పేమెంట్‌కి పనికొస్తుందని నా బాధ. ఎవరిది సరైన ఆలోచన?

జవాబు: అమ్మా, వెళ్లడం విషయంలో మీవారి మాట సరైనది, అప్పు విషయంలో మీ మాట సరైనది. ఒకరికి ఒకరు ఎదురుపడడమే కష్టమైన ఇంట్లో రెండు రోజులు కలిసి గడపడాన్ని నేను దుబారా కింద రాయను. ఇంటి బడ్జెట్‌లో దానికీ ఒక పద్దు ఉండాలి. అయితే ఆ పద్దు కార్డు బాకీ కిందకి రాకూడదు.

ముందు ఆ కార్డు సంగతి తేల్చేద్దాం. మీరు వడ్డీ శాతం రాయలేదు. ఇక్కడ మామూలు కార్డుల మీద ఉండే 20.99 శాతమే అనుకుంటే, 3,400 బాకీని నెలకు 150 చొప్పున తీర్చడానికి 29 నెలలకు పైనే పడుతుంది. వడ్డీయే దాదాపు 970 డాలర్లు. మూడో పెళ్లిరోజు ఖర్చు తీరేసరికి అయిదోది కూడా దాటిపోతుంది. మధ్యలో కారు రిపేరో, ఇండియా ప్రయాణమో వస్తే అదీ అదే కార్డు మీదకి ఎక్కుతుంది. కార్డుల్లో కూరుకుపోయినవాళ్ల లెక్కలు వెనక్కి తిప్పి చూస్తే చాలాసార్లు మొదలు ఇలాంటి ఒక మంచిరోజు దగ్గరే కనబడుతుంది.

ఇంటికి పంపే 500 మాత్రం ఆపొద్దు. పెద్దవాళ్లు ఆ డబ్బును లెక్కలో పెట్టుకునే మందులు, కరెంటు బిల్లు చూసుకుంటూ ఉంటారు. ఎందుకు ఆగిందని వాళ్లు అడగరు, మీరు చెప్పలేరు. ఆ ఇబ్బంది మోసుకుంటూ వెళ్తే సముద్రం ముందు కూర్చున్నా మనసు నిలవదు.

ఇక ట్రిప్‌ను 3,400 నుంచి కిందకి దింపే పని చూద్దాం. టోఫినోలో తుఫానుల కాలం నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. పసిఫిక్ మీద లేచిన అల్పపీడనాలు అడ్డూ ఆపూ లేకుండా వచ్చి ఆ తీరాన్నే కొడతాయి. ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే ఊరది. ఒకప్పుడు చలికాలం వస్తే అక్కడ వ్యాపారం పడకేసేది. 1996లో వికనినిష్ ఇన్ తెరిచినవాళ్లు ఆ తుఫానునే చూపించి చలికాలంలో కూడా అతిథుల్ని రప్పించారు. ఇప్పుడు చాలా రిసార్టులు అదే బాటలో ఉన్నాయి. అయినా ఎండాకాలంతో పోలిస్తే గదుల రేట్లు బాగా తక్కువే. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, వాలెంటైన్స్ డే చుట్టూ, ఫ్యామిలీ డే లాంగ్ వీకెండ్‌లో మాత్రం మళ్లీ పైకి లేస్తాయి.

మీ ఇద్దరి పెళ్లి మాఘమాసం ముహూర్తానికి జరిగి ఉంటుంది, అందుకే పెళ్లిరోజు సరిగ్గా ఆ ఖరీదైన రోజుల్లోనే వచ్చి పడింది. ఫ్యామిలీ డే అంటే ఫిబ్రవరి మూడో సోమవారం. 13వ తేదీ నాడు గుడికి వెళ్లి, ఇంట్లో పాయసం చేసుకోండి. టోఫినోకి మాత్రం ఫిబ్రవరి మొదటి వారంలో మంగళవారం బయల్దేరండి. మిమ్మల్ని ఏడాదంతా విడదీస్తున్న ఆ మంగళ, బుధవారాల సెలవు ఇక్కడ మీకే కలిసొస్తుంది. వారం మధ్యలో గది తేలిగ్గా దొరుకుతుంది, రేటు తగ్గుతుంది, ఫెర్రీలో రద్దీ ఉండదు. మీరు మూడు రోజులు, ఆయన గురువారం ఒక్కరోజు సెలవు పెట్టుకుంటే చాలు. ఒక్క జాగ్రత్త: చలికాలంలో కొన్ని రెస్టారెంట్లు కొన్ని వారాలు మూసేస్తాయి, మీరు అనుకున్నది తెరిచి ఉంటుందో లేదో ముందే అడగండి.

గది విషయంలో చాలామంది చవక గదిలో మూడు రాత్రులు ఉందామనుకుంటారు. నేను దానికి ఒప్పుకోను. అక్కడ సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి పడుతుంది, పగలు కూడా గంటల తరబడి వాన. ఆ సమయమంతా మీరు గదిలోనే ఉంటారు. కిటికీలోంచి పార్కింగ్ కనబడే గదిలో మూడు రాత్రులకన్నా, అలలు బండల మీద పగిలి నురగ పైకి ఎగజిమ్మేది మంచం మీద కూర్చునే చూడగలిగే గదిలో రెండు రాత్రులు మేలు. రాత్రులు తగ్గించుకోండి, కిటికీ మీద తగ్గించుకోవద్దు. చిన్న కిచెన్ ఉన్న కేబిన్ దొరికితే ఇంకా మంచిది. మొదటిరోజుకి ఇంటినుంచి పులిహోర, రెండోరోజు పొద్దున్నకి ఉప్మా రవ్వ పట్టుకెళ్తే బయట తినే ఖర్చు ఒక మంచి డిన్నర్‌కి సరిపెట్టుకోవచ్చు. టోఫినోలో రేటు అందకపోతే 40 కిలోమీటర్ల ఇవతల యుక్లూలెట్‌లో చూడండి. అదే సముద్రం, సాధారణంగా రేటు తక్కువ.

వెబ్‌సైట్‌లో చూపించే రేటు చూసి మోసపోవద్దు. మన రాష్ట్రం బ్రిటిష్ కొలంబియా, అంటే బీసీలో గది అద్దె మీద 5 శాతం జీఎస్టీ, 8 శాతం పీఎస్టీ అనే రాష్ట్ర పన్ను, ఊరిని బట్టి 3 శాతం దాకా స్థానిక పన్ను పడతాయి. అంటే రాత్రికి 320 అన్న గది రెండు రాత్రులకు 640 కాదు, దాదాపు 742. కారుతో ఫెర్రీకి రానూపోనూ 250, పెట్రోలుకి 100, తిండికి 350, చేతిలో 150 ఉంచుకుంటే మొత్తం 1,600 లోపే. ఫెర్రీ టికెట్ ముందుగా కొనండి, రద్దీలేని వేళల్లో సేవర్ రేట్లు ఉంటాయి. మీకు ట్సవాసెన్ ఫెర్రీ రేవు దగ్గర కాబట్టి అక్కడ ఎక్కి రెండు గంటల్లో ఐలాండ్‌లో నానైమో ఊరి పక్కన డ్యూక్ పాయింట్‌లో దిగండి. అక్కడినుంచి టోఫినోకి దాదాపు మూడు గంటల డ్రైవ్. ఇంత దూరం వెళ్లి చూసేదానిలో ఎక్కువ భాగానికి టికెట్ లేదు. చెస్టర్‌మన్ బీచ్, కాక్స్ బే ఉచితం. యుక్లూలెట్‌లో వైల్డ్ పసిఫిక్ ట్రెయిల్ కూడా ఉచితమే. ఆ దారిలో 1915లో కట్టిన ఆంఫిట్రైట్ లైట్‌హౌస్ ఉంది, పొట్టిగా, దిట్టంగా ఉండే కాంక్రీటు కట్టడం. గాలి ఎదురు కొడుతుంటే ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడాల్సిందే. పసిఫిక్ రిమ్ నేషనల్ పార్కులో లాంగ్ బీచ్‌కి మాత్రం పాస్ కొనాలి. ఎక్కడైనా సరే, తుఫాను రోజున నీళ్ల అంచుకి, కొట్టుకొచ్చిన దుంగల దగ్గరకి వెళ్లొద్దు. ఒక్క అల పెద్దది వస్తే చాలు, టన్నుల బరువున్న దుంగ దొర్లిపోతుంది. వానకోట్లు, బూట్ల కోసం కొత్తగా ఖర్చు పెట్టకండి, కొన్ని రిసార్టులు అతిథులకు అవే ఇస్తాయి.

కారు టైర్లు చూసుకోండి. టోఫినోకి వెళ్లే హైవే 4 మీద అక్టోబర్ 1 నుంచి చలికాలమంతా వింటర్ టైర్లు తప్పనిసరి. మంచు కొండ గుర్తున్నవి గానీ, ఎం ప్లస్ ఎస్ అని రాసి ఉండి కనీసం 3.5 మిల్లీమీటర్ల గాడి మిగిలినవి గానీ చెల్లుతాయి. మీవి అరిగిపోయి ఉంటే టైర్ల ఖర్చుతో ట్రిప్ లెక్క 1,600 దాటిపోతుంది. అప్పుడు అదే ఐలాండ్‌లో ఉన్న విక్టోరియా చూడండి. ట్సవాసెన్ నుంచి అక్కడి రేవు స్వార్ట్జ్ బేకి గంటా ముప్పావు కూడా పట్టదు, కారు లేకుండా ఫెర్రీ ఎక్కి అవతల సిటీ బస్సు పట్టుకోవచ్చు. తుఫానులు ఆ స్థాయిలో ఉండవు గానీ, ఇద్దరు చేతులు పట్టుకుని నడవడానికి ఊరు చాలా బాగుంటుంది.

డబ్బు ఎక్కడినుంచి? మిగిలే 900 నుంచే. అక్టోబర్ మొదలు జనవరి దాకా నెలకు 400 వేరే సేవింగ్స్ ఖాతాలోకి పంపండి, నాలుగు నెలలకు 1,600. తక్కిన 500 అత్యవసర నిధికి. మీ నెల ఖర్చు 5,900, చేతిలో ఉన్నది 9,000. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోతే ఎంతకాలం నెట్టుకొస్తారో మీరే ఊహించుకోగలరు. అందుకే ఆ 9,000ని టోఫినో కోసం ముట్టుకోవద్దంటున్నాను. అది మామూలు ఖాతాలో ఉంటే పన్నులేని పొదుపు ఖాతా, అంటే టీఎఫ్‌ఎస్‌ఏలోకి మార్చండి, వడ్డీ మీద పన్ను ఉండదు. మీ పరిమితి మీరు కెనడా రెసిడెంట్ అయిన ఏడాది నుంచే మొదలవుతుంది. పద్దెనిమిదేళ్ల వయసు నుంచి లెక్కేసి ఎక్కువ జమచేసి, నెలకు ఒక శాతం జరిమానా కట్టినవాళ్లు మనవాళ్లలో ఉన్నారు.

గదిని మాత్రం కార్డు మీదే బుక్ చేయండి, బిల్లు రాగానే ఆ 1,600లోంచి పూర్తిగా కట్టేయండి. గాలి ఎక్కువైతే ఫెర్రీలు రద్దవుతాయి, మంచుపడితే హైవే ఆగిపోవచ్చు. కొన్ని కార్డులకు ట్రిప్ రద్దు బీమా ఉంటుంది, అది ఖర్చు ఆ కార్డు మీద పెడితేనే వర్తిస్తుంది. మీ కార్డు కాగితాల్లో ఆ ఒక్క పేజీ చదవండి. బీసీ దాటి వెళ్లడం లేదు, మీ ఎంఎస్‌పీ, అంటే రాష్ట్ర ఆరోగ్య బీమా, అక్కడా పనిచేస్తుంది కాబట్టి ట్రావెల్ మెడికల్ బీమా అమ్మజూపితే అక్కర్లేదనండి.

చివరిగా ఇల్లు. ఈ ట్రిప్ వల్ల డౌన్ పేమెంట్ వెనక్కిపోయేది రెండు నెలలకన్నా తక్కువ. కానీ మీ ఉత్తరంలో ఎక్కడా మొదటి ఇంటి పొదుపు ఖాతా, అంటే ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏ మాట కనబడలేదు. నన్ను నిజంగా కంగారుపెట్టింది అది. ఇద్దరూ చెరొకటి డిసెంబర్ 31 లోపు తెరవండి. ఖాతా తెరిచిన ఏడాది నుంచే 8,000 పరిమితి పుడుతుంది, ఇప్పుడు వంద వేసినా మిగతాది వచ్చే ఏడాదికి కలుస్తుంది. జనవరిలో తెరిస్తే ఈ ఏడాది పరిమితి లేనట్టే. ఒక్కొక్కరికి జీవితకాలంలో 40,000 దాకా జమ చేయొచ్చు, జమచేసినంత మేరకు పన్ను లెక్కలో ఆదాయం తగ్గుతుంది, ఇల్లు కొనడానికి తీస్తే పన్ను లేదు. ఒక మెలిక ఉంది: గుంటూరులో మీ ఇద్దరిలో ఎవరి పేరున అయినా ఇల్లు ఉండి, ఈ ఏడాది గానీ ముందు నాలుగేళ్లలో గానీ అందులో కాపురం ఉన్నట్టయితే అర్హత దగ్గర ఇబ్బంది రావచ్చు. బ్యాంకువాళ్లకు ఆ విషయం చెప్పి మరీ తెరవండి.

ఈ వారంలో చేయాల్సింది ఒక్కటే. మీరిద్దరూ కలిసి రిసార్టుకి ఫోన్ చేసి, ఫిబ్రవరి మొదటి మంగళవారం నుంచి రెండు రాత్రులకు సముద్రం వైపు గది పన్నులతో కలిపి ఎంతో, ఎన్ని రోజుల ముందు రద్దు చేస్తే డబ్బు మొత్తం తిరిగి వస్తుందో అడగండి. రద్దు సంగతి వారం పైగా ముందే చెప్పాలంటే, తుఫాను హెచ్చరికలు అంత ముందుగా రావు కాబట్టి, బీమా ఉన్న కార్డు చేతిలో ఉంటేనే బుక్ చేయండి.