పాత హెడ్డింగుల మీద జోకులు రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన హాస్య వ్యాసం చదివాను. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం నాటి లండన్ పత్రికల హెడ్డింగులు పోగేసి, ఒక్కోదాని కింద ఒక్కో చురక అంటించావు. తెచ్చిన సరుకు మంచిదే. చురకలతోనే పేచీ. ఎన్ని రాసినా అన్నిటి సారం ఒకటే: "ఎంత అమాయకులో చూడండి!" రెండోసారికి పాఠకుడికి విసుగొస్తుంది. ఐదోసారికి వాళ్ళ మీద జాలి, నీ మీద కోపం వస్తాయి. డెబ్బై ఏళ్ళ తర్వాత చదువుతున్నందుకు మనకి దక్కిన తెలివిని చూపించుకుంటే ఎవరూ నవ్వరమ్మా.

పట్టాభిషేకం జరిగిన జూన్ 2 నాటి డెయిలీ ఎక్స్‌ప్రెస్ పతాక శీర్షికే తీసుకో. "ఇదంతా చాలదన్నట్టు ఎవరెస్ట్ కూడా!" అని దాని భావం. "రాణీ కొండా ఒకే సంచిలో" అని ఒక్క ముక్క రాసి నువ్వు పక్కకెళ్ళిపోయావు. అక్కడే ఆగి అడగాల్సింది. "ఇదంతా" అంటే ఏంటి?

యుద్ధం ముగిసి ఎనిమిదేళ్ళయినా ఆ దేశంలో చక్కెర ఇంకా రేషన్ మీదే. పట్టాభిషేకం సందర్భంగా ప్రభుత్వం దయతలచి మనిషికి అదనంగా ఒక పౌండు చక్కెర, వెన్నకి బదులు వాడే మార్గరిన్ నాలుగు ఔన్సులు ఇచ్చింది. ముందురోజు రాత్రి నుంచే పేవ్‌మెంట్ల మీద చోటు పట్టుకుని పడుకున్న జనం వానలో తడిసి ముద్దయ్యారు. జూన్ నెల అన్నమాటే గానీ చలి. అదీ "ఇదంతా". ఆ హెడ్డింగు పక్కన ఈ అరకిలో చక్కెర పెట్టి నువ్వు ఊరుకో. నవ్వు దానంతటదే వస్తుంది. (రేషన్ షాపు క్యూలో నిలబడ్డ మా తరానికి ఇది చెప్పకుండానే ఎక్కుతుంది. నీకు ఎక్కకపోతే మీ నాయనమ్మని అడుగు.)

ఇక "ఎవరెస్ట్ కూడా" సంగతి. దీన్ని నువ్వు ముట్టుకోనే లేదు, నీ వ్యాసంలో అన్నిటికన్నా నవ్వు పుట్టించే సరుకు ఇదే. హిల్లరీ, టెన్సింగ్ శిఖరం ఎక్కింది మే 29న. యాత్ర వార్తల మీద హక్కులు ద టైమ్స్ పత్రిక కొనుక్కుంది. వాళ్ళ విలేఖరి జేమ్స్ మోరిస్ కొండ మీదే ఉన్నాడు. దారిలో వార్తని వేరే పత్రికలవాళ్ళు కొట్టేస్తారని ముందే ఒక కోడ్ రాసుకున్నారు. "మంచు పరిస్థితి బాగోలేదు" అంటే ఎవరెస్ట్ ఎక్కేశాం అని. "ముందు శిబిరం వదిలేశాం" అంటే హిల్లరీ. "పరిస్థితి మెరుగుపడాలని చూస్తున్నాం" అంటే టెన్సింగ్! నామ్చే బజార్‌లో మన భారతీయుల వైర్‌లెస్ కేంద్రం నుంచి ఈ ఏడుపుగొట్టు సందేశం కాఠ్మాండూ మీదుగా లండన్ చేరింది. ఆ వైర్‌లెస్ వాళ్ళకి అది ఘనవిజయం అని తెలియదు. జూన్ 2 పొద్దున టైమ్స్ వార్త వేసింది. అంత కట్టుదిట్టంగా దాచుకున్న రహస్యం అదే పొద్దున ఎక్స్‌ప్రెస్ చేతిలో పెద్దక్షరాల పతాక శీర్షికైంది. దీనికి నువ్వు మళ్ళీ జోకు కలపాలా?

ఆ ఘనత మొత్తం బ్రిటన్ ఖాతాలో రాసుకున్నారు. శిఖరం మీద నిలబడ్డ ఇద్దరిలో ఒకరు న్యూజిలాండ్‌లో తేనెటీగలు పెంచే మనిషి, ఇంకొకరు డార్జిలింగ్‌లో కాపురమున్న షెర్పా. హిల్లరీకీ, దళ నాయకుడు హంట్‌కీ సర్ బిరుదులొచ్చాయి. టెన్సింగ్‌కి జార్జ్ మెడల్ ఇచ్చి సరిపెట్టారు. ఈ మాట వ్యాసంలో ఎక్కడైనా రానీ, కానీ గొంతు పెంచకు. నవ్వుతున్న పాఠకుడు హఠాత్తుగా ఆగాలి, అంతే.

ఆ వేడుకకి అతిథిగా వచ్చిన పసిఫిక్ దీవుల దేశం టోంగా రాణి సలోటేని వదిలేశావెందుకు? జోరువానలో గుర్రపు బండి పైకప్పు వేయనివ్వకుండా, తడుస్తూ జనానికి చేతులూపుతూ వెళ్ళింది. కిరీటం ఒకరిది, ఆ రోజు వీధిలో కేకలన్నీ ఈమెవి. రెండు వాక్యాలు చాలు.

ఇంకో మాట. హెడ్డింగుల గురించి రాసేవాళ్ళు అచ్చవ్వని హెడ్డింగుల కోసం కూడా వెతకాలి. 1936లో విడాకులు తీసుకున్న అమెరికన్ మహిళ వాలిస్ సింప్సన్‌తో ఎనిమిదో ఎడ్వర్డ్ రాజుగారి ప్రేమ వ్యవహారాన్ని అమెరికా పత్రికలు నెలల తరబడి వేసుకున్నాయి. బ్రిటన్ పత్రికల యజమానులు మాత్రం తమలో తాము మాట్లాడుకుని నోరు కుట్టుకున్నారు. అక్కడికి దిగుమతయ్యే అమెరికన్ పత్రికల్లో ఆ పేజీలు కత్తిరించి అమ్మేవాళ్ళు. చివరికి డిసెంబర్ 1న బ్రాడ్‌ఫర్డ్ బిషప్, రాజుగారికి భక్తి కాస్త తక్కువైందన్నట్టు ఒక ప్రసంగంలో అన్నాడు. ఆయన బాధ రాజు చర్చికి సరిగ్గా రావడం లేదని మాత్రమే. పత్రికలు ఇదే సందు అనుకుని మొత్తం బయటపెట్టేశాయి. పదిరోజుల్లో రాజు గద్దె దిగాడు. పట్టాభిషేకానికి అనుకున్న తేదీ, 1937 మే 12, మాత్రం మారలేదు. తమ్ముడికి అదే రోజు కిరీటం పెట్టారు. అన్న బొమ్మతో అప్పటికే కప్పులు తయారుచేసి పెట్టుకున్న వ్యాపారుల టెన్షన్ ఊహించుకో.

1902 గురించి నువ్వు రాసిన పేరా పొడి పొడిగా ఉంది. ఏడో ఎడ్వర్డ్‌కి పట్టాభిషేకం ముహూర్తానికి రెండు రోజుల ముందు కడుపులో ఆపరేషన్ చేయాల్సొచ్చి వేడుక ఆగస్టుకి వాయిదా పడింది. ఇంతవరకే చెప్పి ఆపావు. ఊరేగింపు చూడటానికి లండన్‌లో ఒకాయన రెండు రోజులకి గదులు 75 పౌండ్లకు అద్దెకు మాట్లాడుకున్నాడు. ఊరేగింపే లేదు కదా, మిగతా 50 ఇవ్వనన్నాడు. కోర్టుకెళ్ళారు. ఇవ్వక్కర్లేదని 1903లో తీర్పొచ్చింది, లా చదివే పిల్లలు ఇప్పటికీ ఆ కేసు బట్టీ పడతారు. రాజు కడుపునొప్పి కన్నా ఇది తమాషాగా లేదూ?

కోహినూర్ మీద నువ్వు రాసిన పేజీన్నర ఆవేశం అర్థమైంది. మన కొల్లూరు గనిదని చెప్పుకునే వజ్రం, 1953 వేడుకలో రాజమాత కిరీటంలో మెరిసింది, నిజమే. కానీ హాస్య వ్యాసం మధ్యలో దాన్ని కూరితే రెండూ చెడతాయి. తీసి పక్కన పెట్టు, విడిగా రాయి, కోపంగానే రాయి.

"రాణిగారి వెర్రి పత్రికలు" అన్న పేరు మార్చు. ఆశ్చర్యార్థకాలు సగానికి సగం కొట్టేయి. సంక్రాంతి లోపు పంపితే చూస్తాను, ఆ తర్వాత మా మనవళ్ళొస్తారు, ఇల్లు నా చేతిలో ఉండదు.